క్షమాపణల దొంగ

ఆ రోజు ఆ హాల్లో నవ్వని మనిషి లేడు. ముందు వరసలో బిగుసుకుని కూర్చున్న పెద్దాఫీసర్లు నవ్వారు, వెనక గోడ దగ్గర టీ కప్పులు సర్దుతున్నవాళ్ళూ నవ్వారు. నవ్వించింది హైమావతి. విశాఖపట్నంలో సముద్రం కనబడే కొండ మీద మీటింగు హాలు, వేదిక, పట్టుచీర, చేతిలో మైకు. మనిషికి నోరు జారడానికి ఇంతకంటే మంచి చోటు ఏం కావాలి?

"ఇప్పుడు మీకొక మహానుభావుణ్ణి పరిచయం చేస్తాను," అంది. "మేం వెళ్ళగొట్టిన వాళ్ళందరిలోకీ ఇంతటి మొండిఘటం ఇంకొకడు లేడు. వీడికి మా ఆఫీసులో పెట్టుకున్న ముద్దుపేరు క్షమాపణల దొంగ."

తెర మీద పెద్ద అక్షరాలతో ఒక ఉత్తరం వెలిగింది. హైమావతి దాన్ని ముసలివాళ్ళ గొంతు పెట్టి సాగదీసి చదివింది.

"అయ్యా! తమరి సైటునందు నావలన ఏదో పొరపాటు జరిగినట్లున్నది. వయసు మీరినవాడను. దయయుంచి క్షమించి మరల అనుమతించ ప్రార్థన. ఇట్లు, తమ విధేయుడు."

అప్పటికే ముందు వరసలో కిసకిసలు మొదలయ్యాయి.

"ఒక అకౌంటు మూసేస్తాం. మర్నాడు ఇంకో అకౌంటు తెరిచి ఇదే ఉత్తరం పెడతాడు. అదీ మూసేస్తాం. మళ్ళీ ప్రత్యక్షం! ఇప్పటికి పదిహేడు. 'అయ్యో పాపం, ముసలాయన' అని ఎవరైనా కరిగితే చాలు, లోపలికి దూరిపోదామని ఎత్తు. మా 'నడక' ముందా ఈ కుప్పిగంతులు?"

హాలంతా గొల్లుమంది.

నడక అంటే హైమావతి కనిపెట్టిన యంత్రం. యంత్రమంటే చక్రాలూ గొట్టాలూ ఉండవు, ఒక ప్రోగ్రాం. అదేం చేస్తుందో ఆమె చెప్పలేదు, చేసి చూపించింది. ముందు వరసలోంచి ఒక ఆఫీసరుగారిని పిలిచి ఆయన ఫోన్లో నాలుగు వాక్యాలు టైపు చేయించింది. తర్వాత ఆయన్ని బయటికి పంపి, ఎవరిదో ఫోనిచ్చి, దొంగపేరు పెట్టుకుని, ఒంటివేలితో, ఇంగ్లీషులో ఏదైనా రాయమంది. మూడో వాక్యం దగ్గర తెర మీద ఆయన అసలు పేరు పడింది. ఆయన నోరు తెరుచుకుని లోపలికొచ్చాడు.

"వీధి చివర్నించి వస్తున్న మనిషిని మొహం కనబడకపోయినా నడక చూసి పోల్చుకుంటాం కదండీ," అంది హైమావతి. "వేళ్ళకీ నడక ఉంటుంది. ఏ అక్షరం ముందు తటపటాయిస్తామో, ఎక్కడ ఊపిరి తీసుకుంటామో, అది ఫోను మారినా భాషా మారినా మారదు. మేం తన్ని తగలేసినవాడు వంద పేర్లతో తిరిగొచ్చినా వాకిట్లోనే పట్టేస్తుంది."

ఆమె పై అధికారి చక్రపాణి మైకు అందుకుని, ఇప్పటికే పదకొండొందల వెబ్‌సైట్లు ఈ నిషేధాల జాబితాని ఉమ్మడిగా వాడుకుంటున్నాయనీ, ఒకచోట వెళ్ళగొడితే అన్నిచోట్లా వెళ్ళగొట్టినట్టేననీ చెప్పాడు. వచ్చే నెల నుంచి బ్యాంకులు, ఆసుపత్రులు కూడా చేరుతున్నాయి. దానికి మిగిలింది ఒక్కటే కాగితం. నడక ఇంతవరకూ ఒక మనిషిని మరొక మనిషిగా పొరబడలేదని హైమావతి సోమవారం నాడు సంతకం పెట్టి ఇవ్వాలి.

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆమెకి ఒళ్ళంతా తేలిపోయినట్టుంది. మన గొప్ప నలుగురూ చెప్పుకుంటుంటే చేదుగా ఎవరికుంటుంది గనక?

*

శనివారం పొద్దున్న ఇంట్లో గాజుగ్లాసు పగిలింది. హైమావతి కూతురు, పదమూడేళ్ళ సింధూర, పగలగొట్టింది తనే అయినా, రెండు చేతులూ జోడించి నడుం వంచి వణుకుతున్న గొంతుతో, "అయ్యా! నావలన ఏదో పొరపాటు జరిగినట్లున్నది," అంది. తండ్రి మురళీధర్‌కి ఇడ్లీ నోట్లో ఉండగానే నవ్వొచ్చి పొలమారింది. ఆ ఇంట్లో ఏడాదిగా ఇదే ఆట. పాలు పొంగితే క్షమాపణల దొంగ, మార్కులు తగ్గితే క్షమాపణల దొంగ.

"చాల్లే సంబడం, చీపురు తీసుకురా," అంది హైమావతి, తనూ నవ్వుతూనే.

ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఉత్తరాల కట్ట విప్పింది. అభినందనలు, ఆహ్వానాలు. వాటి మధ్య ముతక కవరొకటి ఉంది. లోపలి కాగితం చూసి ఆగిపోయింది. కంప్యూటర్లో అచ్చేసింది కాదు. టైపు మిషను మీద కొట్టింది. సున్నా పడ్డచోటల్లా కాగితానికి చిన్న చిల్లు.

"ఒలే హైమా, బాగున్నావా? నేను పైడమ్మని. టైపు ఇన్‌స్టిట్యూట్లో నీ పక్క మిషను. నువ్వు పేపర్లో పడ్డావని మాస్టారు ఆ ముక్క కత్తిరించి గోడకి అంటించీసినారు.

నాకో ఇబ్బందొచ్చిందే. రెండేళ్ళయి నెట్టులో నన్నెక్కడా టైపు కొట్టనివ్వట్లేదు. కోర్టు వాంగ్మూలాలు విని ఇంటికాడ కొట్టిచ్చేదాన్ని, ఆ పని పోయింది. దొంగపేర్లతో మోసం చేసినానని తెర మీద రాసింది. అప్పీలు పెట్టుకోమంది. అప్పీలూ టైపే కొట్టాల, కొట్టగానే మళ్ళీ మూసీసింది. ఊర్లో నన్నెలాగ చూస్తన్నారో నీకు చెప్పక్కర్లేదు. నేనొక్కర్తినే కాదు, మన మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్ళం పదకొండుమందిమి ఇలాగే ఉన్నాం. మాస్టారికీ అంతే. ఆయన కంటి ఆపరేషనుకి పేరు నమోదు చెయ్యాలంటే వచ్చే నెల్నుంచి అదీ నెట్టులోనే అంటన్నారు.

ఆ మిషను నువ్వే కనిపెట్టినావంట. నీకు తెలీకుండా ఏదో అయ్యుంటాది. కొంచెం చూసి పెట్టే. ఇది మన పాత మిషను మీద కొడతన్నాను. దీనికైతే నేను నేనే."

"అమ్మా, మళ్ళీ దరువేస్తున్నావ్," అంది సింధూర.

హైమావతి కిందికి చూసుకుంది. కుడిచేతి వేళ్ళు వాటంతట అవే బల్ల మీద ఆడుతున్నాయి. రెండు దెబ్బలు జంటగా, కాస్త ఎడం, మూడు గబగబా. చిన్నప్పుడు కూతుర్ని జోకొట్టింది కూడా ఆ లెక్కలోనే. వేళ్ళని పిడికిలిలో దాచేసుకుంది. 'నీకు తెలీకుండా' అన్న ముక్క దగ్గర ఆమె కళ్ళు నిలవలేదు.

ఎందుకంటే ఆమెకి తెలుసు.

*

పార్వతీపురంలో బస్టాండు వెనక సందులో, పెంకుల వసారా కింద పన్నెండు మిషన్లతో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నడిపేది కోరాడ సింహాచలం మాస్టారు. వయసులో ఉండగా ఆయన తప్పెటగుళ్ళ జట్టులో మొదటివాడు. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని, గెంతుతూ, పాడుతూ, రెండు చేతులా వాయించేవాడు. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక టైపు నేర్చుకుని గురువయ్యాడు గానీ, చేతుల్లో దరువు మాత్రం పోలేదు. రూళ్ళకర్రతో బల్ల మీద ఆ దరువే వేసేవాడు. పిల్లలందరి కళ్ళకీ తువ్వాళ్ళు కట్టించి, "చూడకండి, వినండి. ఊఁ, కొట్టండి," అనేవాడు. పన్నెండు మిషన్లు ఒక్క మిషనులా మోగేవి. కొడుతున్నది పైకి చదువుకుంటూ కొట్టాలి. తప్పు పడితే రబ్బరుతో చెరపడానికి వీల్లేదు. కాగితం లాగేసి, కొత్తది ఎక్కించి, మొదటి నుంచీ మొదలుపెట్టాలి. మిషను మీద నెపం పెడితే మాత్రం ఆయనకి కోపం వచ్చేది. "మిషను తప్పు చెయ్యదే. చేసేది మనమే," అని నెత్తి మీద చిన్నగా మొట్టేవాడు.

ఆ వసారాలోనే హైమావతి లోయరూ హయ్యరూ టైపు పరీక్షలు పాసైంది. తర్వాత పెద్ద చదువులు, పెద్ద ఊళ్ళు. పెద్ద కాలేజీల్లో చదివొచ్చినవాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు ఆ వసారా మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎవరైనా "ఇంత వేగం ఎక్కడ నేర్చుకున్నారండీ?" అంటే, "అలా వచ్చేసింది," అనేది. అదొక సిగ్గు. అర్థంలేని సిగ్గే, కానీ ఉంది.

రెండేళ్ళ కిందట, నడక విడుదలకి రెండు రోజుల ముందు, గదిలో ఒక్కతే కూర్చుని తన ఐడీతో లోపలికి వెళ్ళింది. నాలుగు వాక్యాలు కొట్టేసరికి తెర ఎర్రబడింది. "మీరు నిషేధిత వ్యక్తి 4017. మరో పేరుతో ప్రవేశించడానికి ప్రయత్నిస్తున్నారు."

4017 అంటే నకిలీ పసరు మందులు అమ్మి జనాన్ని ఆసుపత్రుల పాలు చేసినవాడు. మొట్టమొదట వెళ్ళగొట్టిన వాళ్ళలో ఒకడు. వాడెవడో, ఏ ఊరివాడో ఆమెకి తెలియదు. జాబితాలో పేర్లు కనబడవు, నంబర్లే. లక్షలమంది మీద పరీక్షిస్తే ఏ ఇద్దరికీ కలవని నడక తనకీ వాడికీ ఎలా కలిసింది?

ఎలా కలిసిందో ఆమెకి అరనిమిషంలో తట్టింది. లోకంలో అందరూ ఎవరికి వాళ్ళు తోచినట్టు నేర్చుకున్నారు. ఒక వసారాలో మాత్రం ముప్పయ్యేళ్ళపాటు కొన్ని వందలమంది ఒకే దరువుకి నేర్చుకున్నారు. వాళ్ళందరి వేళ్ళదీ ఒకటే నడక. వాళ్ళలో ఒకడు దొంగైతే చాలు, మిగతావాళ్ళంతా వాడి మారుపేర్లే అవుతారు.

అప్పుడు లేచి వెళ్ళి చక్రపాణికి చెప్పి ఉండాల్సింది. విడుదల ఆగిపోయేది, ఏడాది పట్టేది, అంతే. ఆమె లేవలేదు. ప్రోగ్రాంలో ఒకే ఒక్క లైను రాసింది. ఈ ఒక్క ఐడీని తనిఖీ చెయ్యకు. ఆ ఐడీ తనది. తర్వాత తీరిగ్గా చూద్దాంలే అనుకుంది. తీరిక దొరకడమంటే చూడాలని ఉండడమేగా. రెండేళ్ళు దొరకలేదు.

*

మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్ళింది. డ్యూటీలో సుభానీ ఒక్కడే ఉన్నాడు, ఆమె కింద పనిచేసే ఇంజినీరు. నంబర్ల వెనక పేర్లు చూడాలంటే ఇద్దరి తాళాలు కావాలి.

"4017 కింద ఉన్న పేర్లు తియ్యి, సుభానీ."

"మన క్షమాపణల బాబాయ్ కూడా దాంట్లోనే కదా మేడమ్?" అంటూ నవ్వుకుంటూ తన తాళం కొట్టాడు.

తెర మీద పేర్లు దిగాయి. మొదట పసరు మందులవాడు, ఊరు పార్వతీపురం. తర్వాత నలభైమూడు అకౌంట్లు. బోని పైడమ్మ. ఇంకెవరెవరో, సగం పేర్లు ఆమె పక్కన కూర్చుని తువ్వాలు కట్టుకున్నవాళ్ళవి. ఆ తర్వాత వరసగా పదిహేడు.

కోరాడ సింహాచలం. కోరాడ సింహాచలం 2. కోరాడ సింహాచలం 3. అలా పదిహేడు దాకా.

సుభానీ నవ్వు ఆగిపోయింది. "ఇదేంటి మేడమ్? తప్పించుకోవాలనుకున్నవాడు ఎవడైనా సొంతపేరు పెట్టుకుంటాడా? ఒక్కటీ దొంగపేరు కాదే!"

హైమావతి మొదటి అకౌంటులో ఏముందో తెరిచి చూసింది. ప్రతి శుక్రవారం ఒక తప్పెటగుళ్ళ పాట, జ్ఞాపకం ఉన్నంతవరకూ, ఎవరి దగ్గర విన్నాడో ఆ పేరుతో సహా. నలభైయొక్క పాటలయ్యాక నడక ఆయన్ని పట్టుకుంది. ఆ పైన ఉన్నవన్నీ క్షమాపణలే.

మూడొందలమంది ముందు ఆ మాటలు సాగదీసి చదివిన తన గొంతు ఆమెకి చెవుల్లో వినబడింది. మొహం, చెవులు, మెడ వేడెక్కిపోయాయి. గదిలో ఉన్నది సుభానీ ఒక్కడే అయినా వాడి వైపు తల తిప్పలేకపోయింది.

"మేడమ్, ఇక్కడ మీ ఐడీ ఒకటి తనిఖీ లేకుండా వదిలేసినట్టుంది. టెస్టింగ్ కోసమా?"

"ఆఁ," అంది. "టెస్టింగ్ కోసమే."

అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

చక్రపాణికి ఫోన్ చేసింది. ఇన్‌స్టిట్యూట్ సంగతి చెప్పింది, తన లైను సంగతి మింగేసింది. ఆయన అంతా విని, "అరె, పాపం," అన్నాడు. నిజంగానే అన్నాడు, చెడ్డవాడు కాదు. "కోట్లమందిలో ఓ పాతికమంది హైమా. వాళ్ళని నెమ్మదిగా ఒక్కొక్కర్నీ విడిపిద్దాం. సోమవారం సంతకం మాత్రం కానిచ్చెయ్యి. ఇప్పుడు ఇది బయటపెడితే రెండేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే."

"అలాగే సార్," అంది. ఆ అలవాటు కూడా రెండేళ్ళదే.

*

ఆదివారం పొద్దున్న రైలెక్కి పార్వతీపురంలో దిగింది. ఉత్తరం అడుగునున్న నంబరుకి రాత్రి ఫోన్ చేసి చెప్పడంతో స్టేషన్ బయట పైడమ్మ నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. చూడగానే చెయ్యి పట్టేసుకుంది.

"ఒలమ్మా, నువ్వే వచ్చీసినావేటే! ఉత్తరం ముక్క రాస్తావనుకున్నాను గానీ." దారిపొడుగునా కబుర్లే. కిరాణా కొట్టు ముందు మాత్రం గొంతు తగ్గించి, తల దించుకుని, గబగబా నడిచింది. "ఈ కొట్టాయన ఎదరే అన్నాడే, నెట్టు మోసగత్తెకి అరువివ్వనని," అంది కాస్త దూరం వెళ్ళాక. "అప్పట్నుంచి అటు చూడను."

హైమావతి చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. లాక్కోవాలనిపించింది. లాక్కునే ధైర్యమూ లేకపోయింది.

వసారాలో ఇప్పుడు రెండే మిషన్లున్నాయి. గోడకి పేపరు ముక్క, అందులో పట్టుచీరలో తను. మాస్టారు మంచం మీద కూర్చుని ఉన్నారు. కళ్ళ మీద తెల్లటి పొర.

"హైమాయేనా? కూకో అమ్మా, కూకో. పైడమ్మా, టీ పెట్టే." ఆయన చేత్తో తడుముకుని ఆమె తల మీద చెయ్యి వేశారు. "నానే నీకు రాద్దామనుకున్నాను. నా మూలంగా నీ మిషనుకి ఏటైనా ఇబ్బందయ్యిందేటి? మూసీసినప్పుడల్లా కొత్తది తెరిచేసేవాణ్ణి. మన పద్ధతి అదే కదా, తప్పు పడితే చెరపకూడదు, కొత్త కాగితం ఎక్కించాల. నెట్టులో అలాగ చెయ్యకూడదంట, పైడమ్మ తర్వాత చెప్పింది. అప్పటికే పదిహేడు కాగితాలైపోనాయి."

"మీ తప్పేం లేదు మాస్టారూ. మిషనుదే తప్పు."

ఆయన నవ్వారు. "మిషను తప్పు చెయ్యదే. ముప్పయ్యేళ్ళు చెప్పేను కదా."

అక్కడితో ఆపేయొచ్చు. ఆయన తృప్తిగానే ఉన్నారు, పైడమ్మ సంతోషంగానే ఉంది. నెమ్మదిగా విడిపిస్తే అందరూ దీవిస్తారు కూడా. ఆ దీవెన తలుచుకునేసరికి హైమావతి తల మీదున్న ఆయన చేతిని మెల్లిగా కిందికి దించింది.

"నాకు తెలుసు మాస్టారూ," అంది.

టీ గ్లాసులతో వస్తున్న పైడమ్మ గుమ్మంలో ఆగింది. "ఏటి తెలుసు?"

చెప్పింది. తెర ఎర్రబడడం, అరనిమిషంలో ఈ వసారా గుర్తుకు రావడం, తన ఒక్కదాన్నీ తప్పించుకుంటూ లైను రాసుకోవడం. చెబుతున్నంతసేపూ నేల మీద పెచ్చులూడిన గచ్చునే చూస్తూ కూర్చుంది.

"రెండేళ్ళ ముందే తెల్సా?" అంది పైడమ్మ. "అంటే, కొట్టాయన నన్నామాట అన్ననాటికి నీకు తెల్సు."

"నీ పేరు తెలీదు. మనవాళ్ళెవరో ఉంటారని మాత్రం తెలుసు."

పైడమ్మ గ్లాసులు బల్ల మీద పెట్టింది. టీ తొణికి బల్లంతా పారింది, తుడవలేదు. "నీకు తెలీదనుకున్నానే. అందరితోనీ అదే చెప్పేను. హైమాకి తెలీదు, తెలిస్తే ఊరుకోదని."

అని వాకిట్లోకి వెళ్ళిపోయి, అటు తిరిగి గట్టు మీద కూర్చుంది.

మాస్టారి రూళ్ళకర్ర మంచం మీద పక్కనే ఉంది. దాన్ని అటూ ఇటూ దొర్లించారు. కోప్పడినా బాగుండేది, ఆ కర్రతో ఒక్కటి వేసినా బాగుండేది.

"ఆ ఉత్తరాలు," అన్నారు చివరికి. "ఎవరైనా చదివేరా?"

"చదివారు. ఒక హాల్లో మూడొందలమందికి నేనే చదివి వినిపించాను. దొంగ రాసిన ఉత్తరాలనుకుని. అందరూ నవ్వారు."

"నువ్వు కూడా నవ్వేవా?"

"నేనే ముందు నవ్వాను మాస్టారూ."

ఆయన మొహం గోడ వైపు తిరిగింది. పేపరు ముక్క ఉన్న గోడ. అది ఆయనకి కనబడుతుందో లేదో.

"తప్పులేటైనా పడ్డాయా, అందులో?"

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. "ఏమిటి మాస్టారూ?"

"అక్షరాలు. కళ్ళు సరిగ్గా అగుపడవు కదా. అందుకని అడిగేను."

"ఒక్కటి కూడా లేదు," అంది. ఆ మాట సగంలోనే ఏడుపు వచ్చేసింది. ఏడ్చింది. ఊరుకోమ్మా అని ఎవరూ అనలేదు. అనకపోవడమే న్యాయమని ఆమెకీ తెలుసు.

*

ఏడుపు ఆగాక సంచిలోంచి కంప్యూటరు తీసి మంచం పక్కన నేల మీద పెట్టుకుంది. ప్రోగ్రాంలో ఆ లైను దగ్గరికి వెళ్ళి తీసేసింది. తర్వాత చక్రపాణికి రాజీనామా కాదు, సంజాయిషీ రాద్దామని కూర్చుంది. సంతకం పెట్టననీ, ఎందుకు పెట్టకూడదో, పెట్టకూడదని తనకి ఎప్పట్నుంచి తెలుసో. మూడు వాక్యాలు కొట్టేసరికి తెర ఎర్రబడింది.

"మీరు నిషేధిత వ్యక్తి 4017. మరో పేరుతో ప్రవేశించడానికి ప్రయత్నిస్తున్నారు. మీ అకౌంటు మూసివేయబడింది."

కంగారులో చెయ్యి ఊరుకోలేదు. కొత్త అకౌంటు తెరిచింది, తన పేరుతోనే, చివర రెండు చేర్చి. హైమావతి 2. 'సార్, నా అకౌంటు మూసుకుపోయింది, క్షమించండి' అని మొదలుపెట్టింది. అదీ మూసేసింది. మూడోది తెరవబోయి, ఏం చేస్తున్నదీ తెలిసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మూసీసిందా?" అన్నారు మాస్టారు.

"మూసేసింది."

"ఎలాగుంది?"

ఆమె కంప్యూటరు మూత దించేసింది. ఆయన రూళ్ళకర్రతో కిటికీ దగ్గరున్న మిషను వైపు చూపించారు. "అది మూసీదు."

హైమావతి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. కాగితం ఎక్కించింది. ముప్పయ్యేళ్ళ కిందటి అలవాటు, నోరు దానంతటదే పైకి చదవడం మొదలుపెట్టింది. రెండు జంటగా, కాస్త ఎడం, మూడు గబగబా.

"అయ్యా! నడక విషయమై నావలన ఒక పొరపాటు జరిగినది..."

ఠక్కున రూళ్ళకర్ర బల్ల మీద పడింది. ఆమె వేళ్ళు గాల్లో ఆగిపోయాయి.

"పొరపాటు నాది," అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు. "తెలీక చేసేను కాబట్టి అది పొరపాటు. నీది పొరపాటెలాగవుద్దమ్మా?"

వాకిట్లో పైడమ్మ ఇటు తిరిగింది.

"కాగితం మార్చు."

హైమావతి కాగితం లాగేసింది. ఇంకోటి తీసి అంచు సరిచేసి ఎక్కించింది. దాని తెలుపు వైపు కాసేపు చూసింది. సోమవారం చక్రపాణి బల్ల మీద, ఆ తర్వాత ఎన్ని బల్లల మీద ఉంటుందో ఇది. సింధూర కూడా చదువుతుంది. గ్లాసు పగిలినప్పుడు ఇంకెప్పుడూ ఆ ఆట ఆడదు.

"అయ్యా! ఇది నేను తెలిసి చేసిన తప్పు," అని పైకి చదువుతూ కొట్టింది.

మాస్టారు తల కొంచెం వాల్చి విన్నారు. ఈసారి ఆపలేదు.